సక్కుబాయి: ఇందూరు–బోధన్ సీమ రంగస్థలంపై ఒక భక్తురాలి కథ

కోడలిని కట్టేసిన గుంజకు ఆమె బదులు దేవుడే వచ్చి కట్టుబడ్డాడన్నది సక్కుబాయి కథకు ఆయువుపట్టు. మహారాష్ట్రలో కృష్ణా, కోయనా నదులు కలిసే కరాడ్ ఊరి కోడలిగా, పండరి విఠలుని భక్తురాలిగా వార్కరీ సంప్రదాయం ఈమెను తలుచుకుంటుంది. మరాఠీవాళ్లకు ఆమె సంత్ సఖు, మనకు సక్కుబాయి. హరికథగా, పండరి భజనగా, యక్షగానంగా, పద్యనాటకంగా, సినిమాగా ఈ కథ తెలుగునేల నలుమూలలా తిరిగింది. ఆ రంగస్థల రూపాలను ఇందూరు అని పిలుచుకునే నిజామాబాద్ పట్టణం, బోధన్ చెరకు ప్రాంతాల నేపథ్యంలో పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. పడమటి నుంచి వచ్చిన వార్కరీ కీర్తన, ఇక్కడే పుట్టి పెరిగిన చిందు యక్షగానం, కోస్తా జిల్లాల నుంచి రైతులతో పాటు తరలివచ్చిన పద్యనాటకం, ఈ మూడూ ఒకచోట కలిసిన సీమ ఇది.

కథ

సక్కు అత్తవారింట్లో తెల్లవారకముందే లేచి ఇసుర్రాయి దగ్గర కూర్చుంటుంది. నీళ్లు మోస్తుంది, వండుతుంది, అంట్లు తోముతుంది, అయినా మాటలు పడుతుంది. ఒకనాడు నీళ్లకు వెళ్లినచోట ఆషాఢ ఏకాదశికి పండరి పోతున్న దిండి (యాత్రికుల భజన బృందం) కనబడుతుంది. తాళమృదంగాల చప్పుడు విని బిందె అక్కడే దింపి వాళ్ల వెంట నడవబోతుంది. ఇంటివాళ్లు పట్టి లాక్కొచ్చి గుంజకు కట్టేస్తారు, తిండి పెట్టరు. ఆమె మొర విన్న విఠలుడు ఆడరూపంలో వచ్చి కట్లు విప్పుతాడు. ‘నువ్వు పోయిరా, నీ బదులు నేనుంటాను’ అని ఆమె రూపు దాల్చి గుంజకు తనను కట్టించుకుంటాడు.

ఇక్కడి నుంచి కథ రెండు పాయలవుతుంది. ఇంట్లో ఉన్న సక్కు దేవుడు. ఆ చేతి వంటకూ ఆ ఓర్పుకూ అత్తమామల మనసు మెల్లగా కరుగుతుంది. పండరిలో ఉన్న సక్కు విఠలుని ఎదుట నిలిచి, ఆ దర్శనంలోనే ప్రాణం విడుస్తుంది. కరాడ్ దగ్గరి ఊరివాడొకడు ఆమెను గుర్తుపట్టి దహనం చేయిస్తాడు. ఇప్పుడు అసలు చిక్కు విఠలుని భార్య రుక్మిణిది. సక్కు తిరిగి రాకపోతే తన భర్త ఆ ఇంటి కోడలిగానే ఉండిపోవాలి. ఆమె చితాభస్మం కూడదీసి సక్కుకు ప్రాణం పోసి ఇంటికి పంపుతుంది. ఏటి ఒడ్డున ఇద్దరు సక్కులూ ఎదురుపడతారు, బిందె చేతులు మారుతుంది, దేవుడు మాయమవుతాడు. మర్నాడో మూడోనాడో దహనం చేయించిన మనిషి చావు కబురు మోసుకుని వస్తాడు. గుమ్మంలో సక్కు నీళ్లబిందెతో ఎదురవుతుంది. అప్పటికిగాని ఇన్నాళ్లూ తమ అంట్లు తోమింది ఎవరో ఇంటివాళ్లకు తెలియదు.

భక్తి కథల్లో ఇంత కట్టుదిట్టమైన నాటక కల్పన అరుదు. మారువేషం, ఇద్దరు ఒకే రూపంలో ఉండటం, చావు కబురు తెచ్చినవాడే సాక్షి కావడం, ఇవన్నీ నాటకకర్త కల్పించనక్కరలేకుండా కథలోనే ఉన్నాయి. పురాణ నాటకాల్లో దేవుడు చివరి అంకంలో ప్రత్యక్షమై వరాలిచ్చి వెళ్లిపోతాడు. ఇక్కడ రెండో అంకంలోనే వచ్చి చాకిరీలో కూర్చుంటాడు.

సాటి భక్తురాళ్లు

దేవుడు ఆడదాని పని పంచుకోవడం ఒక్క సక్కుబాయి కథలోనే లేదు. సంత్ నామదేవుని ఇంట్లో పనిమనిషిగా బతికిన జనాబాయి 14వ శతాబ్దంలో కన్నుమూసిన కవయిత్రి. 300కు పైగా అభంగాలు ఆమె పేరున ఉన్నాయి. విఠలుడు వచ్చి తనతో కలిసి తిరగలి తిప్పాడనీ, పిడకలు ఏరాడనీ, తల దువ్వాడనీ చెప్పే కథలు ఆమె చుట్టూ అల్లుకున్నాయి. పండరిపురం పక్కనున్న గోపాలపురంలో ఆమె తిరగలి అంటూ ఇప్పటికీ ఒకదాన్ని చూపుతారు. సక్కుబాయి కథను తిరగరాయాలనుకునేవారు ముందుగా చూడవలసింది జనాబాయినే. సక్కు గురించి చెప్పేవి కథలు. జనాబాయి తన సంగతి తానే పాడుకుంది.

15వ శతాబ్దపు కాన్హోపాత్ర మంగళవేఢెలో గణిక కూతురు. సుల్తాను పిలుపును తోసిపుచ్చి పండరి గుడిలో ప్రాణం విడిచిందంటారు. ఆమె కథ 1931లో బాలగంధర్వ ప్రధాన పాత్రధారిగా మరాఠీ సంగీత నాటకమైంది. అదే మంగళవేఢెకు చెందిన దళిత సంత్ చోఖామేళా భార్య సోయరాబాయి అంటరానితనాన్ని నిలదీస్తూ అభంగాలు చెప్పింది. ఆమెను రంగస్థలం పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు.

తెలుగులో పూర్వరంగం

భక్తురాలి కథను ఆటకూ పాటకూ వీలైన ఛందస్సులో చెప్పడం తెలుగుకు మరాఠీ నుంచి దిగుమతి కాలేదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రాసిన ‘బసవపురాణం’లో బెజ్జ మహాదేవి ఉంది, గొడగూచి ఉంది. శివుడికి తల్లి లేదే, ఎవరు నలుగు పెట్టి నీళ్లు పోస్తారని బాధపడి బెజ్జ మహాదేవి తానే తల్లి అవుతుంది. తాను తెచ్చిన పాలు శివుడు తాగడం లేదని గొడగూచి అనే చిన్నపిల్ల ఏడ్చి గోలపెడుతుంది. ఈ కథల్లోనూ దేవుడు ఇంటిపనికి లోబడతాడు. ఒళ్లు రుద్దించుకుంటాడు, పాలు తాగమంటే తాగుతాడు.

‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో సోమనాథుడు శ్రీశైలంలో శివరాత్రి నాడు ఆడిన ఆటలు, కట్టిన వేషాలు, ఆడించిన బొమ్మలు వర్ణించాడు. తెలుగు రంగస్థల చరిత్ర రాసేవారెవరూ ఆ భాగాన్ని దాటి పోలేరు. 12వ శతాబ్దంలో అక్క మహాదేవి కల్యాణం నుంచి శ్రీశైలం కదళీవనానికి నడిచి వెళ్లిందని వీరశైవులు చెప్పుకుంటారు. ఆ కల్యాణం, అంటే బీదరు జిల్లాలోని బసవకల్యాణ్, ఇందూరు సీమకు పడమటి పొరుగు. జుక్కల్, బిచ్కుంద వైపు నేటికీ లింగాయతుల ఊళ్లు చాలా ఉన్నాయి. అంటే విఠలుని భక్తురాళ్ల కథలు ఇటు నడిచి రాకముందే శివుని భక్తురాళ్ల కథలకు ఇక్కడ చెవి ఒగ్గినవారున్నారు.

సీమ స్వరూపం

జనాబాయి పుట్టిన గంగాఖేడ్ గోదావరి ఒడ్డున ఉంది. అదే గోదావరి నాందేడ్ మీదుగా దిగి, రెంజల్ మండలం కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కడే మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ ఆనకట్ట ఆ మంజీర మీదే ఉంది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్న లెక్కతో తవ్విన కాలువలు బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ భూములను మాగాణి చేశాయి. నీళ్లు వచ్చాక చెరకు వచ్చింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పడిన ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది.

ఈ నీటి చరిత్రకు నాటకంతో సంబంధముంది. నిజాంసాగర్ నీళ్లు పారడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని ‘క్యాంపులు’ కట్టుకున్నారు. బోధన్, వర్ని, బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్ల పేర్ల చివర క్యాంపు అన్న మాట అలా వచ్చి చేరిందే. వాళ్లు వచ్చింది ‘సత్య హరిశ్చంద్ర’, ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు పొలం గట్ల మీద కూడా పాడుకునే జిల్లాల నుంచి. చెరకు కొట్టడం చలికాలంలో మొదలై ఉగాది దాకా సాగేది. ఫ్యాక్టరీ నుంచి డబ్బు చేతికొచ్చే ఆ నెలలే జాతరలకూ శ్రీరామనవమి పందిళ్లకూ ఆటలకూ కాలమయ్యేవి.

మరోవైపు మద్నూర్, జుక్కల్, బోధన్ పల్లెల్లో మరాఠీ, తెలుగు రెండూ నోటికి వచ్చినవాళ్లు ఎక్కువ. తులసిమాల వేసుకుని ఏటా పండరి పోయేవాళ్లున్నారు. వారం రోజులు ఎడతెగకుండా సాగే హరినామ సప్తాహాలు ఇక్కడి ఊళ్లలో మామూలే. నిజామాబాద్ నుంచి పండరిపురానికి నేరుగా ప్యాసింజర్ రైలే నడిచింది. తెల్లారకముందే మూటాముల్లె, తాళాలు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చునే ముసలమ్మలకు సక్కుబాయి కథను ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. కట్లు తెంచుకుని పండరి పోవడమంటే ఏమిటో వాళ్లకు తెలుసు. కోత పనులు, మనవలు, కోడలి పురుడు, ఇన్ని దాటుకుని వచ్చి కూర్చున్నవాళ్లు వాళ్లు.

చిందు మేళం

ఇందూరు సీమకు సొంతమని చెప్పదగ్గ నాటకరూపం చిందు యక్షగానం. మాదిగల ఆశ్రిత కులమైన చిందువారు జాంబపురాణం చెబుతారు, ఎల్లమ్మ వేషం కడతారు, రాత్రంతా యక్షగానం ఆడతారు. వాడకట్టు మధ్య ఖాళీ జాగాలో నేలమీదే ఆట. పొనికి కర్రతో చేసి అద్దాలు, రంగు కాగితాలు అతికిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి అరదళం. పక్కన మద్దెల, తాళాలు, హార్మోనియం. పాత్ర తెర వెనక నుంచే పాట ఎత్తుకుంటుంది. ఇద్దరు పట్టుకున్న ఆ తెర దిగేసరికి చిందుతో గిర్రున తిరిగి తానెవరో తానే చెప్పుకుంటుంది.

కోస్తా నాటకాల్లో ఆడవేషాలు చాలాకాలం మగవాళ్లవే. చిందు మేళాల్లో ఆడవాళ్లు మొదటి నుంచీ గజ్జె కట్టారు. వాళ్లలో దేశమంతా పేరు వినబడినది బోధన్ మండలం అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ. పసితనంలోనే ముఖానికి రంగు వేసుకుని, ముసలితనం దాకా ఆడి, 2005లో కన్నుమూసింది. ఆమె తన నోటితో చెప్పిన జీవితం ‘నేను చిందేర ఎల్లిని’ పేరుతో పుస్తకమైంది. ఆ పుస్తకం చదివితే నాటకంలో భక్తురాలిగా మొక్కులందుకున్న ఆడది ఆట ముగిశాక అదే ఊళ్లో ఎలాంటి చూపులు భరించిందో తెలుస్తుంది. ఈ జిల్లాలోనే జోగిని ఆచారం పాతుకుపోయి ఉండేది. వర్ని కేంద్రంగా లవణం, హేమలతా లవణం దంపతులు దానికి వ్యతిరేకంగా పనిచేశారు. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. దేవుడి పేరు చెప్పి ఆడదాన్ని కట్టేసిన ఆచారం ఉన్నచోటే, దేవుడు వచ్చి ఆడదాని కట్లు విప్పిన కథనూ ఆడారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఇక్కడి సక్కుబాయిని అర్థం చేసుకోలేం.

కులం సంగతి మరొకటి ఉంది. పండరిపురం విఠలుని గుడిలోకి దళితులను రానివ్వాలని సానే గురూజీ నిరాహారదీక్ష పట్టింది 1947లో. ఆ తర్వాతే తలుపులు తెరుచుకున్నాయి. చోఖామేళా సమాధి నేటికీ మహాద్వారం ఎదుట, బయటే ఉంది. కాబట్టి అంతకుముందు పండరి ఘట్టం ఆడిన దళిత కళాకారిణి ఆటలో నేరుగా గర్భగుడి దాకా నడిచి విఠలుని పాదాలు పట్టుకుంటే, అది ఊళ్లో నిజంగా జరగని పని. యక్షగానం ఆ పనిని ఎవరినీ అడగకుండా చేసేసింది.

పద్యనాటకం

తెలుగు నాటకంలో పాడే పద్యం 1880లలో, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘చిత్రనళీయం’ కాలం నుంచి నిలదొక్కుకుంది. ధార్వాడ, పార్సీ కంపెనీల సంగీతం దానికి రాగాలు అందించింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో పురాణ నాటకాల పక్కన భక్తుల నాటకాలూ లేచాయి. తుకారాం, గోరా కుంభార్, సక్కుబాయి వరసగా రంగం ఎక్కారు.

యక్షగానంలో కథ పరుగెత్తుతుంది, ద్విపద దాన్ని మోసుకుపోతుంది. పద్యనాటకంలో కథ ఆగుతుంది. గుంజకు కట్టిన ఘట్టమే చూడండి. యక్షగానంలో సక్కు మొర ఒక దరువు. మద్దెల తాళం తగ్గకుండానే విఠలుడు ప్రవేశిస్తాడు. పద్యనాటకంలో అదే మొర ఒక సీసం, దాని కింద తేటగీతి. ఒక్కో పాదానికీ రాగం సాగదీసి, హార్మోనియం అందుకుని, చివరి పాదం రెండుసార్లు పాడి అయిదారు నిమిషాలు నిలబెట్టగల నటి ఉంటే ఆ రాత్రి నాటకం గెలిచినట్టే. ఆ అయిదారు నిమిషాలూ ఆమె చేతులు వెనక్కి కట్టే ఉంటాయి. అభినయమంతా గొంతులో, కళ్లలో, మెడ వంపులో జరగాలి. చేతులు ఊపి పాడటం అలవాటైన పద్యనటులకు ఇది పెద్ద పరీక్ష.

వన్స్‌మోర్‌ల గురించి ఒక మాట. చనిపోయిన పాత్ర వన్స్‌మోర్ కోసం లేచి పాడి మళ్లీ పడుకోవడం తెలుగు నాటకంలో పాత వేళాకోళమే. సక్కుబాయి నాటకంలో మాత్రం అందుకు కథలోనే అనుమతి ఉంది, ఎలాగూ రుక్మిణి వచ్చి లేపుతుంది.

అత్త పాత్ర ఈ నాటకానికి రెండో స్తంభం. గయ్యాళి అత్త వేషం మగవాళ్లు కట్టి నవ్వించడం కంపెనీలకు అలవాటు. డబ్బు రాలేది ఆ హాస్యానికే గనుక కొన్నిచోట్ల సక్కు కంటే అత్తే పెద్ద పాత్రయింది. ఈ నాటకానికి జరిగిన నష్టాల్లో ఇది పెద్దదని చెప్పక తప్పదు. అత్తను చూసి ప్రేక్షకుడు నవ్వుకున్నాక కోడలి ఆకలి అతనికి తగలదు. భర్త పాత్ర ఇంకా తేలిపోయింది. కట్టేసింది అతనే అయినా నేరమంతా తల్లి మీదికి పోయి, చివరి అంకంలో అతనికి చేతులు కట్టుకుని పశ్చాత్తాపపడటం తప్ప పని మిగల్లేదు.

ఇద్దరు సక్కుల చిక్కు

ఈ కథను ఆడేవారందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సక్కు రూపంలో ఉన్న దేవుణ్ణి ఎవరు ఆడాలి? సినిమాలో ఒకే నటి రెండు పాత్రలూ వేస్తుంది, మిగతాది కెమెరా చూసుకుంటుంది. రంగస్థలం మీద ఆ వీలు లేదు.

ఒకే నటి రెండు పాత్రలూ కడితే ఏటి ఒడ్డున ఇద్దరూ ఎదురుపడే ఘట్టం పోతుంది. నాటకంలో అంతకంటే మంచి ఘట్టం లేదు. అలా కాకుండా విఠలుడి వేషం కట్టిన నటుడికే చీర కట్టిస్తే కొత్త రుచి పుడుతుంది. స్థానం నరసింహారావు తరంలో మగవాడు ఆడవేషం కట్టడం మామూలే, దాన్ని ప్రేక్షకుడు మరిచిపోయి చూసేవాడు. సక్కుబాయిలో మాత్రం ఆ సంగతి మరిచిపోకూడదు. మగవాడు ఆడవేషంలో ఉన్నాడని చూసేవాళ్లకు తెలుస్తూనే ఉండాలి, అత్తకే తెలియకూడదు. నవ్వూ భక్తీ రెండూ అక్కడి నుంచే పుడతాయి.

ఆ గుట్టును గుర్తుచేయడానికి నెమలిపింఛాలూ రంగు దీపాలూ అక్కరలేదు. విఠలుని మూర్తి ఇటుక మీద నిలబడి, రెండు చేతులూ నడుముకు ఆనించుకుని ఉంటుంది. అంట్లు తోముతున్న సక్కు అలసి లేచి ఒక్క క్షణం ఆ భంగిమలో నిలబడితే చాలు, పండరి ఎరిగిన బోధన్ ప్రేక్షకులు చేతులు జోడిస్తారు. అత్తకు మాత్రం కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని పొగరుగా నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఒకే భంగిమ ఒకరికి దర్శనం, ఇంకొకరికి తగాదా.

కొత్తగా రాసే కవికి ఇంకో సాధనం ఛందస్సు. మానవ సక్కుకు ద్విపద, ఆటవెలది, తిరగలి పాటల నడక ఇవ్వవచ్చు. దేవుడు ఆమె రూపంలోకి వచ్చాక మొదట అదే నడకలో మాట్లాడాలి, కాని మధ్యలో ఎక్కడో మరిచిపోయి శార్దూలమో మత్తేభమో నోరు జారితే దొరికిపోయినట్టే. కూర మాడిందని అత్త కసిరితే జవాబుగా గంభీరమైన వృత్తం వినబడితే ఎలా ఉంటుందో ఊహించండి. వేషం మార్చగలిగిన దేవుడు గొంతు మార్చలేకపోవడం పద్యనాటకంలో తప్ప మరో ప్రక్రియలో చూపలేని చమత్కారం. అచ్చయిన నాటకాల్లో చాలావరకు పాత్రలన్నీ ఒకే పండితుడి గొంతుతో మాట్లాడతాయి గనుక ఈ అవకాశం వాడుకోకుండానే మిగిలిపోయింది.

సినిమా

1935లో సక్కుబాయి తెలుగు టాకీ అయింది. రంగస్థలం మీద పేరు మోసిన దాసరి కోటిరత్నం అందులో ప్రధాన పాత్రధారిణి. 1941లో ప్రభాత్ వారి మరాఠీ ‘సంత్ సఖు’ వచ్చింది, హంసా వాడ్కర్ సఖు. 1965లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీదేవి ‘సతీ సక్కుబాయి’గా నటించింది, ఆదినారాయణరావు సంగీతం కూర్చాడు. ఆ తర్వాత పల్లె నాటకాల్లో సక్కు కట్టూబొట్టూ చాలావరకు అంజలీదేవివే.

ఇతర దేశాల్లో

మధ్యయుగపు భక్తురాలిని కవితా నాటకంలో తిరగరాయడం యూరప్‌లోనూ పెద్ద సంప్రదాయం. 10వ శతాబ్దంలోనే జర్మనీలోని గాండర్స్‌హైమ్ మఠవాసిని హ్రోత్స్విత క్రైస్తవ కన్యల కథలను లాటిన్ నాటకాలుగా రాసింది. జోన్ ఆఫ్ ఆర్క్‌ను షిల్లర్ 1801లో పద్యనాటకానికి ఎక్కించాడు. అతని జోన్ చితి మీద కాకుండా యుద్ధరంగంలో చనిపోతుంది, చరిత్రను అంత ధైర్యంగా మార్చాడు. 1920లో చర్చి ఆమెను సెయింట్‌గా ప్రకటించాక 1923లో బెర్నార్డ్ షా వచనంలో ‘సెయింట్ జోన్’ రాశాడు. 1935లో టి.ఎస్. ఎలియట్ ‘మర్డర్ ఇన్ ది కెథెడ్రల్’తో ఆధునిక రంగస్థలానికి పద్యాన్ని మళ్లీ తెచ్చాడు. అందులో కథానాయకుడు మగవాడైనా కాంటర్‌బరీ పేద స్త్రీల బృందగానమే నాటకానికి ప్రాణం.

ఆ నాటకాలన్నిటా భక్తులు ఎదిరించేది రాజునో చర్చినో న్యాయస్థానాన్నో. సక్కు ఎదిరించవలసింది వంటింటిని. జోన్ మీద విచారణ జరిగింది కాబట్టి ఆమె మాటలు కాగితం మీదికి ఎక్కాయి. వంటింట్లో విచారణ జరగదు, శిక్షే పడుతుంది. అందుకే సక్కుకు మాటలు ఇవ్వవలసిన బాధ్యత నాటకకర్తది. ఎలియట్ దగ్గర మనవాళ్లు తీసుకోదగినది కూడా ఆ స్త్రీల బృందగానమే. నీళ్లరేవు దగ్గరి ఆడవాళ్లను సక్కు కథకు బృందంగా పెడితే పండరి భజన, కోలాటం సహజంగా నాటకంలోకి వచ్చేస్తాయి.

పునఃసృష్టిలో తేలని ప్రశ్నలు

ఈ కథను నేటి కళ్లతో చూసేవారికి రెండుచోట్ల ముల్లు గుచ్చుకుంటుంది. మొదటిది, ఆడదానికి నాలుగు రోజుల సెలవు దొరకాలంటే దేవుడే దిగిరావాలా? దేవుడు వచ్చి కూడా చాకిరీని రద్దు చేయలేదు, తాను చేశాడు. ఇంటివాళ్లు పనిలో చేయి వేయవలసిన అవసరమే రాలేదు. రెండోది, రుక్మిణి సక్కును బతికించింది సక్కు కోసం కాదు, తన భర్తను విడిపించుకోవడానికి. దేవలోకంలోనూ ఒకరి విడుదల ఇంకొకరి చాకిరీతోనే ముడిపడింది. పాత నాటకాలు ఈ సన్నివేశాన్ని రుక్మిణి దయగా చూపి దాటేశాయి. నిజానికి రుక్మిణి, సక్కు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవలసిన ఘట్టమిది. ఇద్దరూ విఠలుణ్ణి కోరినవాళ్లే, ఇద్దరిలో ఒకరే ఆయనతో ఉండగలరు.

సక్కు తిరిగి అదే ఇంటికి ఎందుకు రావాలన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. పండరిలోనే ఆమె కథ ముగిస్తే కాన్హోపాత్ర కథవుతుంది. తిరిగి వస్తే, ఆమె ఇంట్లో లేనన్నాళ్లూ ఇంటివాళ్ల మనసు మార్చిన ఘనత దేవుడికి పోతుంది. తిరిగి రప్పించడమే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చావు కబురు తెచ్చినవాడి ఎదుట ఆమె బిందెతో నిలబడే ఘట్టాన్ని ఏ సిద్ధాంతం కోసమూ వదులుకోకూడదు. అయితే ఆ తర్వాత ఇంటివాళ్లు కాళ్ల మీద పడి మంగళహారతి పాడే ముగింపును మాత్రం తీసెయ్యవచ్చు. ఆ బిందెను ఆమె చేతుల్లోంచి ఎవరు దింపుతారన్నది చూపితే చాలు.

నేటి స్థితి

టీవీలు వచ్చాక రాత్రంతా సాగే ఆటలు తగ్గాయి. మేళాలకు ఆశ్రయమిచ్చిన వాడలు కూలికీ గల్ఫ్‌కూ వలసపోయాయి. ఫ్యాక్టరీ మూతపడటంతో చెరకు ఎకరాలు వరికి మళ్లాయి, శక్కర్‌నగర్ కాలనీ సందడి తగ్గింది. నిజామాబాద్ పట్టణంలోని రాజీవ్ గాంధీ ఆడిటోరియం లాంటి వేదికల మీద గంటలోనో గంటన్నరలోనో ముగిసే కుదించిన ప్రదర్శనలకే ఇప్పుడు వీలు. అయితే హరినామ సప్తాహాలు తగ్గలేదు, పండరి భజన బృందాలూ తగ్గలేదు. సక్కుబాయి పాటలు ఎక్కువగా బతికి ఉన్నది ఆ బృందాల గొంతుల్లోనే.

ఈ కథకు సంబంధించి అత్యవసరంగా జరగవలసింది రాతప్రతుల సేకరణ. మేళాల ఆటలు అచ్చు పుస్తకాల్లో కంటే చేతిరాత నోటుబుక్కుల్లో, వాటికంటే ఎక్కువగా పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉన్నాయి. బోధన్, వర్ని, కోటగిరి, రెంజల్ ఊళ్లలో అలాంటి నోటుబుక్కులు ఎవరి ఇంట ఉన్నా వాటిని పాతకాగితాల్లో కలపకండి. 2006 నుంచి డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం నడుస్తోంది, వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ప్రతి తీసి ఒకటి వాళ్లకు అందించండి. పాడగలిగినవాళ్లు ఉంటే ముందుగా వాళ్ల గొంతు రికార్డు చేయించండి.